కట్ట మీద కూసిన నవరంగ్

రామకిషన్ సేటు లాకప్‌లో కూర్చున్నది దేవన్న చెప్పిన మాట మీద. ఆ సేటును బయటికి తెమ్మని ఇప్పుడు దేవన్ననే పురమాయించారు. తుకుం పేటలో బోర్డు కట్టుకుని డిటెక్టివ్ పని మొదలుపెట్టాక ఇంత తలవంపుల కేసు అతని చేతికి రాలేదు.

పురమాయించింది సేటు కూతురు కమలాక్షి. సోమవారం పొద్దున ఆఫీసు తలుపు తెరవకముందే వచ్చి మెట్ల మీద నిలబడి ఉంది. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"అన్నా, మా బాపు పొదల ఉండె. కట్ట మీద లేకుండె. నువ్వు పోయి ఆ పొద చూడు. ఏదో ఒకటి దొరుకుతది."

"ఏం దొరుకుతది చెల్లె?"

"నాకేం ఎరుక. చూడు."

"పోలీసోల్లకు చెప్పింది నేను. సేటు తప్ప అందరం కూసునే ఉన్నమని సంతకం పెట్టింది నేను. మల్ల నా దగ్గరికెట్ల వచ్చినవు?"

"నువ్వు చెప్తెనే పట్కపోయిండ్రు. మల్ల నువ్వు చెప్తెనే ఇడుస్తరు," అంది కమలాక్షి. ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే దేవన్నకు కొంచెం తేలిగ్గా ఉండేది.

రామకిషన్ సేటుది బట్టల దుకాణం. వారమంతా గజం కర్ర పట్టుకునే మనిషి ఆదివారం తెల్లవారకముందే మెడలో దుర్బీన్ వేసుకుని విసాపూర్ దాపున ఉన్న చెరువుకు బయల్దేరతాడు. వెంట ఎవరు వస్తే వాళ్లకు పిట్టలు చూపిస్తాడు. దేవన్నకు పాలపిట్ట ఏదో లకుముకి ఏదో చెప్పింది ఆయనే. దొంగల వెంట తిరిగి తిరిగి మొద్దుబారిన కళ్లకు ఆ వారానికొక పూట పండగలా ఉండేది.

వాళ్ల బృందానికి ఒక కట్టుబాటు ఉంది. అరుదైన పిట్ట కూస్తున్నంతసేపూ ఎవరూ లేవకూడదు, మాట్లాడకూడదు, తల తిప్పకూడదు. ఒకరికొకరు దూరదూరంగా పొద వైపు ముఖం పెట్టి కూర్చోవాలి. కదిలినవాడు తిరుగు దారిలో అందరికీ కారం పులుసు పోసిన అటుకులు, తర్రీ పోహా తినిపించాలి. నవ్వులాటకు పెట్టుకున్న కట్టుబాటే. ఇప్పుడు ఒక ప్రాణం పోయింది దాని చాటునే.

నవరంగ్ పిట్ట వానలతో వస్తుంది. చలి పడకముందే దక్షిణానికి వెళ్లిపోతుంది. అయితే నిరుడు డిసెంబరులో చెరువు పక్క పొదలో నవరంగ్ కూసిందని సేటు చెప్పాడు. విన్నవాళ్లు మొహాలు చూసుకున్నారు. నమ్మినవాడు దేవన్న ఒక్కడే. ఆ మాట మెల్లగా నాగపూర్ దాకా పోయింది. ఈ డిసెంబరులో అక్కడి నుంచి ఇద్దరు పెద్దమనుషులు చెవులారా వినిపోదామని వచ్చారు.

వాళ్లు వచ్చిన శనివారం సాయంత్రమే దుకాణంలో గొడవ అయింది. గొడవపడ్డవాడు అరవింద్. ఓ ఆఫీసులో గుమాస్తా, బృందంలో కొత్తగా చేరినవాడు, పిట్టల పుస్తకాలు కొని చదివినవాడు.

"చలికాలం నవరంగ్ ఏంది సేటూ? ఎవల చెవుల పువ్వులు పెడ్తవు? రేపు నేనే పొదలకు దూరి చూపిస్త, లోపట కూసేది ఏందో," అని అందరూ వింటుండగా అన్నాడు.

ఆదివారం అరవింద్ వాళ్లతో రాలేదు. అలిగాడనుకున్నారు. పొద్దు పొడిచే వేళకు సేటు "మీరు కూసోండ్రి, నేను ముందట వోయి చూస్త" అని పొద వైపు వెళ్లాడు. మిగిలినవాళ్లు, నాగపూర్ వాళ్లు, కమలాక్షితో సహా, గడ్డిలో చెదురుగా కూర్చున్నారు. కాసేపటికి కూత మొదలైంది. రెండు స్వరాల ఈల, ఒకటి పైకి, ఒకటి కిందికి. నడుమ కొంచెం ఆగింది. మళ్లీ అందుకుంది. గనుల సైరన్, ఆ భోంగా, ఏడు గంటలకు మోగేదాకా కూస్తూనే ఉంది. భోంగా ఆగగానే ఆడమనిషి కేక వినబడింది. బర్రెలు తోలుకొచ్చిన మల్లవ్వ కట్ట మీద నిలబడి నెత్తి బాదుకుంటోంది. తూము రాళ్ల మీద అరవింద్ తల పగిలి చచ్చిపడి ఉన్నాడు. పక్కనే రామకిషన్ సేటు, చేతుల నిండా నెత్తురు.

"కూసున్నోల్లల్ల ఎవలన్న లేచిండ్రా?" అని ఆ పూటే ఇన్‌స్పెక్టర్ విజయ్‌కుమార్ అడిగాడు.

"ఎవలూ లేవలే సాబ్," అని దేవన్న తడుముకోకుండా చెప్పాడు.

నిజానికి అతను చూడలేదు. ఆ కూత వింటూ కళ్లు మూసుకున్నాడు. కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి. డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నవాడు తన వెనకాల ఎవరున్నారో, ఎవరు లేరో చూడకుండా పోలీసు కాగితం మీద సంతకం పెట్టాడు. కమలాక్షి వెళ్లిపోయాక అతను చాలాసేపు ఆ గదిలో తన బోర్డు వైపు చూడలేకపోయాడు.

తరవాత స్కూటర్ తీసి విసాపూర్ దారి పట్టాడు.

పొద దగ్గర పోలీసులు అడుగు పెట్టినట్టు లేదు. వాళ్ల తొక్కుళ్లన్నీ తూము దగ్గరే ఉన్నాయి. దేవన్న ముందు తను ఆదివారం కూర్చున్న చోటికి పోయి అలాగే కూర్చున్నాడు. ఎదురుగా పొద. కట్ట ఎడమ పక్కన, కొంచెం వెనక్కి ఉంది. తల తిప్పితే తప్ప కనబడదు. వెనక కూర్చున్నవాళ్లు లేచి నాలుగు అంగలేస్తే కట్ట కిందికి పోతారు. అడుగుల చప్పుడు గడ్డి మింగేస్తుంది.

'పోహా పోతదని తల తిప్పలే' అని తనను తాను తిట్టుకున్నాడు.

పొదలోకి వంగి దూరాడు. ముళ్లు చొక్కాను పట్టుకున్నాయి. మనిషి కూర్చునేంత జాగా లోపల చదునుగా ఉంది. అక్కడ గోనెపట్టా పరిచి తీసిన అచ్చు ఉంది. ముళ్లకొమ్మకు సన్నటి గోధుమరంగు దారం లాంటిది వేలాడుతోంది. దేవన్న దాన్ని వేళ్ల మధ్య పట్టి చూశాడు. దారం కాదు. క్యాసెట్ రీలు.

ఎండుటాకులు కెలికాడు. ఒకచోట ఆకుల కింద మన్ను మెత్తగా ఉంది. చేత్తో తవ్వితే గోనెపట్టాలో చుట్టిన చిన్న టేప్ రికార్డర్ బయటపడింది. మూత తీస్తే రీలు చక్రానికి చుట్టుకుని ముద్దయి ఉంది. ఓపిగ్గా విడదీసి, జేబులోని పెన్సిల్ క్యాసెట్ బెజ్జంలో పెట్టి వెనక్కి తిప్పి, బొత్తం నొక్కాడు.

నవరంగ్ కూసింది.

అదే ఈల. ఒకటి పైకి, ఒకటి కిందికి. వెనక చిటపట వాన చప్పుడు కూడా ఉంది. వానాకాలంలో పట్టిన కూత. దేవన్న దానికి డిసెంబరు చలిలో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. చుట్టూ ఎవరూ లేకపోయినా అతని చెవులు వేడెక్కాయి.

ఇంకొంచెంసేపు కూసి గొంతు జీరబోయినట్టు సాగి టేపు ఆగిపోయింది. రీలు నలిగింది అక్కడే. ఆదివారం కూత ఆగింది కూడా ఇంతసేపటికే. మళ్లీ నొక్కినా గరగర తప్ప ఏమీ రాలేదు.

దేవన్న ముళ్లలోనే కూలబడి ఆలోచించాడు. యంత్రం ఇక్కడ చచ్చిపోయింది. భోంగా మోగేదాకా కూసింది ఏమిటి? రెండోసారి అందుకున్నప్పుడు కూత కొంచెం ఎడమగా వినబడింది. పిట్ట గెంతింది కాబోలని అప్పుడు మురిసిపోయాడు. ఎడమ పక్కన ఉన్నది కట్ట.

రికార్డర్‌ను సంచిలో వేసుకుని స్కూటర్ దౌడు తీయించాడు.

స్టేషన్ వరండాలో బెంచీ మీద కమలాక్షి కూర్చుని ఉంది. తండ్రికి తెచ్చిన టిఫిన్ డబ్బా ఒళ్లో అలాగే ఉంది. దేవన్న సంచి వైపు చూసి, ఏమీ అడగకుండా తల దించుకుంది.

లోపల విజయ్‌కుమార్ కుర్చీలో వెనక్కి వాలి చాయ్ తాగుతున్నాడు. అతని తండ్రి గనిలో పనిచేసి రిటైరైనవాడు. ఇంట్లో తెలుగు, స్టేషన్‌లో మరాఠీ, కోపం వస్తే రెండూ.

"ఆవో ఆవో, పిట్టల డిటెక్టివ్! ఇయాల ఏ పిట్ట గవాహీ చెప్పింది?"

"సేటుతోని జర మాట్లాడాలె సాబ్."

"నీ సంతకంతోనే గదా ఆయిన్ని లోపటేసిన. ఇంకేం మాటలున్నయ్?"

"గందుకే మాట్లాడాలె."

విజయ్‌కుమార్ నవ్వి, తాళాలు తీయమని కానిస్టేబుల్‌కు సైగ చేశాడు.

సేటు మూలకు ఒదిగి కూర్చున్నాడు. పెట్టుడు పళ్లు తీయించారేమో, ముఖం సగానికి సగం లోపలికి పోయింది. ఒక్క రాత్రికే ముసలితనం మీద ఇంకో ముసలితనం వచ్చిపడినట్టుంది.

"సేటూ, టేపు దొరికింది," అన్నాడు దేవన్న మెల్లగా.

సేటు గోడ వైపు తిరిగాడు.

"ఎవలకు చెప్పినవ్?"

"ఇంకా ఎవలకు చెప్పలే."

"చెప్పకు దేవన్నా. నీ కాళ్లు మొక్కుత."

"గా మాట అనకుండ్రి. నాకు పిట్టల్ని చూపించినోల్లు మీరు."

"గందుకే అంటున్న. నిరుడు నిజంగనే కూసింది. నా పాణం మీద ఒట్టు. ఈ యేడు కూయలే. నాగపూర్ ఓల్లు రైలు దిగిండ్రు. ఏం జెయ్యాలె నేను? బొంకినోన్ని అనిపించుకోవద్దని బొంకిన."

"ఈ సంగతి ముందే చెప్తె పొదల ఉన్నరని అందరికీ తెల్సేది గద! ఖూనీ నెత్తి మీద ఎందుకు వేసుకున్నరు?"

"ఖూనీ చేసినోన్ని జైల్ల పెడ్తరు, అయిపాయె. పిట్ట పేరు మీద అబద్ధమాడినోన్ని ఏం చేస్తరు? ఎవని ముందట కూసోవాలె నేను మల్ల?"

అయినా దేవన్న మనిషిని ఉరికి వదిలేసి ఊరుకోలేడు. సంచి తీసుకుని బయటికి వచ్చి, రికార్డర్‌ను ఇన్‌స్పెక్టర్ బల్ల మీద పెట్టాడు. వెనక ఊచల్లోంచి "దేవన్నా!" అన్న పిలుపు వినబడింది. వినబడనట్టే నిలబడ్డాడు. తను కళ్లు మూసుకున్న మాటతో సహా సంగతంతా చెప్పాడు.

కానిస్టేబుళ్లు మూగారు. రీలు మళ్లీ వెనక్కి తిప్పి నొక్కితే టేపు కూసింది. ఒకడు కిసుక్కున నవ్వాడు. సేటు ఊచల వెనక రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. విజయ్‌కుమార్ మాత్రం నవ్వలేదు. చాయ్ గ్లాసు పక్కన పెట్టి ముందుకు వంగాడు.

"శాబాస్ దేవన్నా. కేసుల ఒక్క కంత ఉండె, నువ్వే పూడ్చినవు."

"అంటె?"

"అరవింద్ ఏమన్నడు? పొదలకు దూరి చూపిస్త అన్నడు. అంటె సేటు ఇజ్జత్ పోయేటిది ఉండె. ఖూనీకి అంతకంటె ఏం కావాలె? ఇగ పొదల ఉన్నడంటవ్. అరే బాబా, టేపు పెట్టి బొత్తం ఒత్తితె అదే కూస్తది. మనిషెందుకు కాపల? ఒత్తిండు, కట్ట మీదికి వోయిండు, పని చేసిండు. మీరంత గొర్రెల లెక్క కూసోని ఇన్నరు."

దేవన్న ఒక మనిషి పరువు తీసి బల్ల మీద పెట్టాడు. దానితోనే ఆ మనిషి మెడకు తాడు గట్టిపడింది.

"ఆగుండ్రి సాబ్. ఆ టేపు సగంల ఆగిపోయింది. రీలు చిక్కుపడ్డది, చూడుండ్రి. కూత మాత్రం భోంగా దాక ఇనొచ్చింది. నాగపూర్ ఓల్లను అడుగుండ్రి. మల్ల అందుకొని కూసింది ఎవలు?"

"ఇంకెవలు? సేటే. కట్ట మీద నిలబడి నోటితోని ఈలేసిండు. పిట్టల్ని నోటితోని పిలుస్తడని తుకుం అంత ఎరుకే."

"పిలుస్తుండె. పళ్లు పోయినంక బంద్. గందుకే గద టేపు పట్టిండు."

"నువ్వంటె సరిపోతదా? ఓ సేటూ, ఇటు రా. ఈలెయ్యి."

సేటు కదల్లేదు. కానిస్టేబుల్ భుజం పట్టి ఊచల దగ్గరికి తెచ్చాడు.

"వద్దు సాబ్," అన్నాడు దేవన్న.

"నువ్వే గద అన్నవు. సబూత్ కావాలె నాకు. ఎయ్యి సేటూ, పెట్టుడు పళ్లు పెట్టుకోని ఎయ్యి, తీసి ఎయ్యి, నీ ఇష్టం."

సేటు పెదవులు ముడిచాడు. గాలి వచ్చింది. ఇంకోసారి ముడిచాడు. గాలితోపాటు నాలుగు తుంపర్లు వచ్చి గడ్డం మీద పడ్డాయి. వరండాలో ఎవరో పగలబడి నవ్వారు. నలభై ఏళ్లు అడవిలో పిట్టల్ని ఒళ్లోకి పిలిచిన మనిషి అక్కడ నిలబడి మూడోసారి కూడా ప్రయత్నించాడు. దేవన్న కిటికీ వైపు తిరిగాడు. ఆ నవ్వు ఆగేదాకా ఇటు తిరగలేదు.

విజయ్‌కుమార్ కూడా కొంచెం తగ్గాడు.

"సరే, ఆయిన కాదనుకుందం. మరి కూసింది ఏంది?"

సేటు ఊచలు గట్టిగా పట్టుకున్నాడు. ఆ కళ్లలోకి ఏదో ఆశ వచ్చింది.

"నవరంగే సాబ్! అసలుదే! నా టేపు ఇని జవాబిచ్చింది. టేపు మన్నుల పూడ్చి, దాన్ని చూద్దమనే కట్ట మీదికి ఉరికిన. ఆడ అరవింద్ పడి ఉండె. లేవట్టవోయిన, నెత్తురంటింది. అంతే."

"కట్ట మీద కూసిందా?" అన్నాడు దేవన్న. నోరు జారినట్టు వచ్చేసింది ఆ మాట.

"ఆ, కట్ట మీదనే."

"ఆడ పొద లేదు, ఆకు లేదు. ఉత్త రాళ్లు. నవరంగ్ పొద ఇడిచి రాదని, కింద ఆకుల్లనే గెంతుతదని, బయలుకు వచ్చి కూసేది ఏదైనా సరే అది నవరంగ్ కాదని మీరే చెప్పిండ్రు. నేను ఒకపారి కంచె మీద చూసిన్నంటె అందరి ముందట కొట్టిపారేసిండ్రు."

"తప్పు చెప్పిన," అన్నాడు సేటు. "నాకు తెల్వక చెప్పిన. కట్ట మీద గూడ కూస్తది."

దేవన్న ఆయన ముఖంలోకి చూశాడు. పిట్ట రెక్క కింద ఈక రంగు ఎవరైనా తప్పు చెబితే అన్నం ముందు నుంచి లేచిపోయే మనిషి. టేపు సంగతి బయటపడకుండా జైలుకైనా సిద్ధపడ్డ మనిషి. ఇప్పుడు నలుగురు కానిస్టేబుళ్ల ముందు నిలబడి తనకు నవరంగ్ గురించి ఏమీ తెలియదని అంటున్నాడు. సొంత పరువు కోసం ఎవరూ ఇలా పరువు వదులుకోరు. ఆ ఈల ఎవరిదో ఆయన పొదలో కూర్చునే గుర్తుపట్టాడు. గుర్తుపట్టే ఉరికాడు.

దేవన్న ఇక్కడితో ఆపేయాలనుకున్నాడు.

"ఏమో సాబ్," అన్నాడు. "పిట్టలు... ఎప్పుడేం చేస్తయో చెప్పరాదు."

విజయ్‌కుమార్ అతన్ని ఎగాదిగా చూశాడు. వెటకారం తప్ప ఏమీ లేదనుకున్న ఆ ముఖంలో పోలీసువాడు మేలుకున్నాడు.

"ఇప్పటిదాక రాదు, రాదంటివి. ఒక్క నిమిషంల మాట మార్చినవు. ఎందుకు? ఆ ఈల సేటు ఎవలెవలికి నేర్పిండు?"

దేవన్న బల్ల మీది రికార్డర్ వైపు చూపు దించాడు.

"నీకు నేర్పిండా?"

"నాకు రాదు. చానసార్లు ఏసి చూసిన, నోరు తిరగలే."

"మరెవలకు వచ్చింది? దేవన్నా, ఒక దొంగ సంతకం పెట్టినవు. రెండోది పెట్టకు. ఎవలు?"

"ఎవలకూ నేర్పలే!" అని సేటు లోపల నుంచి అరిచాడు. "నవరంగే సాబ్!"

వరండాలో డబ్బా కింద పెట్టిన చప్పుడైంది. కమలాక్షి గడపలోకి వచ్చి నిలబడింది.

"నాకు నేర్పిండు," అంది.

"బిడ్డా, నువ్వు ఇంటికి పో."

"సాలు బాపూ. వాల్లు నవ్వుతుంటె ఇన్న. ఇంగ ఇనలేను." ఆమె ఇన్‌స్పెక్టర్ వైపు తిరిగింది. "ఆ టేపు ఎండాకాలం పోయి వానలు వచ్చినంక నేనే పట్టిన సాబ్. బాపు అందుల ఏం చేస్తడో నాకెరుకే. ఆదివారం అందరి ఎనుక నేను కూసున్న. కట్ట మీద అరవింద్ పొద దిక్కు వోతుంటె చూసిన. లేచి పోయిన. ఈ ఒక్క దినం ఊకో అని చేతులు జోడించిన. ముసలాయిన్ని బజార్ల నిలబెట్టకు అన్న. నవ్విండు. నన్ను తప్పించుకొని పోతుంటె మెడల దుర్బీన్ పట్టె పట్టి గుంజిన. ఆయిన ఇడిపించుకోబోయి తూము మీద జారి రాళ్ల మీద పడ్డడు."

విజయ్‌కుమార్ బల్ల మీది టేపు వైపు చూశాడు.

"అప్పుడే టేపు ఆగింది," అంది కమలాక్షి. "కూత ఆగితె అందరు లేస్తరు. లేస్తె ఇటు చూస్తరు. నోటికి చెయ్యి పెట్టుకొని కూసిన. భోంగా మోగేదాక కూసి, ఆ మోతల పోయి నా జాగల కూసున్న."

విజయ్‌కుమార్ గొంతు తగ్గించి అడిగాడు.

"నువ్వు కూసేటప్పుడు ఆయిన్కు పాణం ఉండెనా?"

ఆమె దేవన్న వైపు చూసింది. అతనికి తెలియకుండానే చెయ్యి గోడను వెతుక్కుంది. కళ్లు మూసుకుని, నీళ్లు తిరిగి, ఎప్పటికీ ఆగొద్దని అతను కోరుకున్న కూత అదే.

"ఉండె సాబ్," అంది. "నా దిక్కే చూస్తుండె."

విజయ్‌కుమార్ కాగితం ముందుకు లాక్కున్నాడు. పెన్ను మూత తీశాడు కానీ వెంటనే రాయలేదు. ఊచల వెనక రామకిషన్ సేటు మాత్రం ఆపకుండా చెబుతూనే ఉన్నాడు.

"నవరంగే సాబ్. కట్ట మీద కూసింది నవరంగే. నా చెవులతోని ఇన్న. రాసుకోండ్రి... నవరంగే అని రాసుకోండ్రి."